పిస్టన్ కుదురుకునేదాకా

సెలూన్ నుంచి,
మధ్యాహ్నం, కుర్చీ ఖాళీగా ఉన్న వేళ

అన్నయ్య గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క అత్తయ్య మోపెడ్ బండి తప్ప.

ఈ మాట దగ్గర మీ కనుబొమలు ఎక్కడిదాకా లేచాయో ఊహించగలను. తోడల్లుళ్ళమై ఇన్నేళ్ళయినా మనం ఒకరికొకరం ఉత్తరం ముక్క రాసుకున్న పాపాన పోలేదు. ఫోన్ చేద్దామంటే ఇక్కడ మా ఆవిడ, అక్కడ వదిన. ఆ అక్కచెల్లెళ్ళ చెవుల సంగతి మీకు వేరే చెప్పాలా? అందుకే సెలూన్లో కూర్చుని మీ వర్క్‌షాపు చిరునామాకి రాస్తున్నాను. జవాబు కూడా సెలూన్‌కే రాయండి. పొరపాటున ఇంటికి రాశారంటే, మీకో తోడల్లుడు ఉండేవాడని చెప్పుకోవాల్సి వస్తుంది.

అత్తయ్య ఆ మలుపు దగ్గర బండితో సహా కంచెలోకి దూసుకుపోయి, చేతికి కట్టు కట్టించుకుని మీ ఇంటికి విశ్రాంతికి వచ్చినప్పటి నుంచి బండి మా వరండాలో దుప్పటి కప్పుకుని ఉంది. బయలుదేరేముందు అత్తయ్య నాతో, "చిన్నల్లుడూ, నా బండి మీద చెయ్యి పడిందంటే నీ సంగతి చెప్తా" అంది. మా ఆవిడా అదే మాట అంది. ఇద్దరు ఆడవాళ్ళు అంత గట్టిగా వద్దన్నాక మనిషన్నవాడికి బుద్ధి పుట్టకుండా ఉంటుందా చెప్పండి?

మంచాన పడ్డ పెద్దాయన ఒకరు, ఇంటికొచ్చి గడ్డం గీయమని కబురు పెట్టారు. నడిచే దూరం కాదు. దుప్పటి తీశాను. ట్యాంకు ఖాళీగా ఉంటే నిండా పెట్రోలు పోయించాను. అంతకుమించి నేనేమీ చేయలేదు, ఒట్టు. వంతెన ఎక్కుతుంటే ఇంజన్ కిర్రుమని మూలిగింది, వెనక చక్రం బిగుసుకుపోయింది, నేను బ్రష్షుతో, సబ్బుగిన్నెతో సహా బండి ముందుకొచ్చి కూర్చున్నాను. అప్పటి నుంచి పెడల్ తొక్కితే రాయి తొక్కినట్టే ఉంది.

బండిని ఈడ్చుకొచ్చి సెలూన్ వెనక గదిలో దాచాను. వరండాలో దుప్పటి కింద రెండు కుర్చీలూ ఒక బకెట్టూ సర్దాను. దూరం నుంచి అచ్చం బండిలాగే ఉంది. మా ఆవిడ రోజూ దాని పక్కనుంచే తిరుగుతోంది, రోజూ నేను ఏదో ఒక కబురు చెప్పి ఆమెను ఇంట్లోకి మళ్ళిస్తున్నాను.

మీరు పొద్దున లేస్తే పంపుసెట్ల ఇంజన్లతో కుస్తీపట్టే మనిషి. మీరే దిక్కు. ఏం చేయాలో రాయండి. నేను బాగుచేసేదాకా అత్తయ్యను మాత్రం అక్కడే ఉంచండి. ఎలాగైనా సరే.

ఇట్లు,
భయంలో ఉన్న మీ తమ్ముడు


వర్క్‌షాపు నుంచి,
పనివాళ్ళు టీకి వెళ్ళిన సమయం

తమ్ముడికి ఆశీస్సులు.

"అంతకుమించి నేనేమీ చేయలేదు" అని ఒట్టు పెట్టి మరీ రాశావు చూడు, అక్కడే దొరికావు. నువ్వు చేసింది తప్పు కాదు, చేయనిది తప్పు. అది రెండు స్ట్రోకుల ఇంజన్. పెద్ద బండ్లకు ఉన్నట్టు ఆయిల్‌కి అడుగున వేరే గిన్నె ఉండదు. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. పిస్టన్‌కి అదే తిండి, అదే నీళ్ళు. ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండరు గోడకు అతుక్కుపోతుంది. పట్టేయడం అంటారు దాన్ని. కలిపావా లేదా? అడగడం దేనికిలే, నాకు తెలుసు.

పైన ఉన్న హెడ్డు విప్పు. తర్వాత సిలిండరును మెల్లగా పైకి లాగు. రాకపోతే కొట్టకు, ఆయిల్ చుక్కలు వేసి ఆగు. బయటికొచ్చాక పిస్టన్ ఎలా ఉందో రాయి.

ఇక అత్తయ్యను ఇక్కడ ఉంచమన్న సంగతి. తమ్ముడూ, నువ్వు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆమెతో ఇన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చావో గాని, నీకు దండం. ఊరంతా తిరిగి కుట్టుమిషన్లు బాగుచేసే మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుంది? మా ఇంట్లో కారే కుళాయి లేదు, కిర్రుమనే తలుపు లేదు, వదులు మేకు లేదు. అవన్నీ అయిపోయాక వర్క్‌షాపు మీద పడింది. నా స్పానర్లన్నీ సైజుల వారీగా సర్దింది. ఇప్పుడు నాకు ఒక్కటీ దొరకడం లేదు. మొన్న ఒక పెద్ద పంపు విప్పుతుంటే వెనకాల నిలబడి, "అది కాదు పెద్దల్లుడూ" అంది, నా పనివాళ్ళందరి ముందూ. నిజానికి అది కాదు కూడా. ఆ సంగతి వదిలెయ్.

రేపోమాపో బస్సెక్కిద్దామని చూస్తున్న మనిషిని ఉంచమంటావు. నీకు ముందు నుయ్యి అయితే నాకు వెనక గొయ్యి. కాని తోడల్లుడివి అయిపోయావు. త్వరగా కానివ్వు.

నీ అన్నయ్య


సెలూన్ నుంచి,
వెనక గదిలో, తలుపు గడియ పెట్టుకుని

అన్నయ్య గారికి నమస్కారాలు.

కలపలేదు. ఇప్పుడు సంతోషమా? ఆయిల్ అంటే నాకు తెలిసింది రెండే, ఒకటి జుట్టుకు రాసేది, ఇంకొకటి క్లిప్పర్లకు వేసేది. పెట్రోల్లో కలిపేది మూడోది ఉంటుందని నాకెవరు చెప్పారు?

మీరన్నట్టే విప్పాను. పిస్టన్ చూస్తే ఏడుపొచ్చింది. మొద్దు కత్తితో గీసిన గడ్డంలా ఒక పక్కంతా కోసుకుపోయి ఉంది. దాని చుట్టూ ఉన్న రింగులు రెండూ గాళ్ళలో ఇరుక్కుని బయటికి రానంటున్నాయి. సిలిండరు లోపల వేలు పెడితే లోతైన చాళ్ళు తగులుతున్నాయి. రెండూ కొత్తవి కావాలనుకుంటా, కాదా?

ఇక్కడ పరిస్థితి రోజురోజుకూ దిగజారుతోంది. గోళ్ళలో నల్ల మడ్డి పోవడం లేదు. నిన్న లెక్కల మాస్టారు గడ్డం చేయించుకుని అద్దంలో చూసుకుంటే చెంప మీద నా బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది. ఆయన తువ్వాలుతో తుడుచుకుంటూ నావైపు ఒక చూపు చూశారు, చిన్నప్పుడు భాగహారం తప్పు చేస్తే చూసే చూపే. మా ఆవిడ "ఏంటండీ ఈ పెట్రోలు కంపు" అంటే కొత్త రకం సెంటు అని చెప్పాను. అదే రాసుకుని పడుకోవాల్సి వస్తోంది.

విడిభాగాలు పంపండి. పార్సిల్ మీద 'గాజు సామాను, జాగ్రత్త' అని రాయండి. సబ్బుగిన్నెలు తెప్పించానని చెప్తాను.

మీ తమ్ముడు


వర్క్‌షాపు నుంచి,
పార్సిల్ కట్టేసి, చేతులు కడుక్కుని

తమ్ముడికి ఆశీస్సులు.

కొత్త సిలిండరు, దానికి జోడీ పిస్టన్, రింగులు, పిన్ను, లాకులు, అతుకు దగ్గర వేసే ప్యాకింగు పంపుతున్నాను. ఆ సిలిండరుకు ఆ పిస్టనే. పాతవాటితో కలిపి ప్రయోగాలు చేయకు. ఇప్పుడు రాసేది మూడుసార్లు చదువు.

సిలిండరు తీశాక అడుగున ఒక నోరు తెరుచుకుని కనపడుతుంది. మొట్టమొదట దాన్ని శుభ్రమైన గుడ్డతో మూసెయ్. పిస్టన్‌ని కింది కడ్డీకి కలిపే పిన్నుకు రెండు వైపులా బిగించే లాకులు గుండీ అంతే ఉంటాయి, స్ప్రింగులా ఎగురుతాయి. ఒకటి ఆ నోట్లో పడిందంటే ఇంజన్ మొత్తం విప్పాలి. అంతా అయ్యాక గుడ్డ తీయడం మరిచిపోకు, నీ సంగతి తెలిసే చెప్తున్నాను.

పిస్టన్ నెత్తిన బాణం గుర్తు ఉంటుంది. అది సైలెన్సరు వైపు చూడాలి. నువ్వు పని చేసేటప్పుడు అలవాటుగా అద్దంలోకి చూస్తావు. అద్దంలో బాణం చూశావో, అంతా తిరగబడుతుంది. వంగి, నీ సొంత కళ్ళతో చూడు. రింగు గాడిలో చిన్న మొల ఉంటుంది, రింగు రెండు కొసలూ దానికి అటూ ఇటూ రావాలి. అన్నిటికీ ఆయిల్ పట్టించి, రింగుల్ని వేళ్ళతో నొక్కిపట్టి సిలిండరును మెల్లగా దించు. బలవంతం చేశావంటే రింగు పుటుక్కున విరుగుతుంది.

ఇంకో మాట. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. అత్తయ్య అరవడం తగ్గించింది. వారమైంది, వర్క్‌షాపుకు రావడం లేదు. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటోంది. కళ్ళు మూసుకునే "వీడి ప్లగ్గు పోయింది", "వీడి సైలెన్సరు మసితో నిండిపోయింది" అంటుంది. అంతకుమించి మాట లేదు. మీ వదిన సంతోషంగా ఉంది, అమ్మ నెమ్మదించిందని. నాకు మాత్రం ఎందుకో బాగాలేదు.

నీ అన్నయ్య


సెలూన్ నుంచి,
సెలవు రోజు, తలుపులన్నీ తెరిచి

అన్నయ్యా! తిరిగింది! ఇంజన్ తిరిగింది!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. గుడ్డ అన్నారుగా, కొత్త తువ్వాలే తీసి ఆ నోట్లో కుక్కాను. వంగి, నా సొంత కళ్ళతో బాణం చూశాను. సైలెన్సరు వైపే. మొదటి లాకు బుద్ధిగా కూర్చుంది. రెండోది మాత్రం టప్పున ఎగిరింది. తువ్వాలు మీద లేదు, నేల మీద లేదు. బిగించిన రోజు వెనక గది తలుపు తెరిచే ఉంది, ముందు గదిలో ఒక్క బ్యాంకు గుమాస్తా గారే ఉన్నారు, గడ్డానికి నురగ పెట్టించుకుని కుర్చీలో నిద్రపోతున్నారు. ఆయన చుబుకం దగ్గర నురగలో చిన్న గుంట కనిపించింది. బ్రష్షుతో మెల్లగా తడిమి లాకు బయటికి తీశాను. ఆయన కళ్ళు మూసుకునే, "ఇది బాగుంది, ఇంకాస్త చెయ్" అన్నారు.

రింగులు నొక్కడమంటారా, ఇన్నేళ్ళుగా జనం ముక్కులు పట్టుకుని గడ్డాలు గీసిన వేళ్ళు ఇవి. సిలిండరు వెన్నలా దిగింది. గుడ్డ కూడా ముందే తీసేశాను, మీరు అనవసరంగా అనుమానించారు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మీ మనసు నొచ్చుకుంటుందని ఇన్నాళ్ళూ రాయలేదు. మిమ్మల్ని ఎవరో మోసం చేశారన్నయ్యా. కొత్తదని మీకు అంటగట్టిన ఆ సిలిండరు లోపలంతా సన్నటి గీతలు, ఇటు ఐమూలగా, అటు ఐమూలగా, పిల్లి గోళ్ళతో గీకినట్టు. నేను ఊరుకుంటానా? కత్తి పదునుపెట్టే తోలుపట్టీని కర్రకు చుట్టి, నా మెరుగుపొడి అద్ది, బేరం లేనప్పుడల్లా కూర్చుని రుద్దాను. ఒక్క గీత మిగల్లేదు. బిగించేముందు చూసుకుంటే అందులో నా మీసం కనపడింది. ఫ్యాక్టరీవాళ్ళు కూడా అంత నునుపు తీయలేరు.

ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి పెడల్ తొక్కగానే అందుకుంది. కాకపోతే పొగ బాగా వస్తోంది. వంతెన ఎక్కమంటే ఎక్కనంటోంది, సగం దూరం నేనే దిగి తోశాను. పెడల్ మరీ తేలిగ్గా తిరుగుతోంది. మీరు పంపిన పిస్టన్ కాస్త నీరసం రకమేమో చూడండి.

గర్వంతో,
మీ తమ్ముడు


వర్క్‌షాపు నుంచి,
నీ ఉత్తరం చదివిన మరుక్షణం

తమ్ముడూ,

ఆశీస్సులు తర్వాత. ముందు తల గోడకేసి కొట్టుకోనీ.

ఆ గీతలు దెబ్బలు కావురా నాయనా! ఫ్యాక్టరీలో పనిగట్టుకుని గీసినవి. వాటిలో ఆయిల్ నిలుస్తుంది. ఆ గరుకు మీద రాసుకుని రాసుకునే కొత్త రింగులు గోడకు కుదురుకుంటాయి. నువ్వు గోడను అద్దం చేసి పెట్టావు. అద్దం మీద రింగు జారుతుంది, పట్టు దొరకదు, బలమంతా పక్కనుంచి పారిపోతుంది. అందుకే ఆ పొగ, ఆ నీరసం. నేను వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచీ తాగి పనిచేసినవాణ్ణి చూశాను, నిద్రలో పనిచేసినవాణ్ణి చూశాను, ఈ తప్పు చేసినవాణ్ణి చూడలేదు. దీనికి కత్తి నూరడం వచ్చిన మనిషే కావాలి. పిస్టన్ నీరసం రకమట!

మళ్ళీ విప్పు. సన్నరకం ఎమెరీ కాగితం, అదే గరుకు కాగితం, ఆయిల్లో తడిపి, వేళ్ళకు చుట్టి, సిలిండరు లోపల తిప్పుతూ పైకీ కిందికీ ఆడించు. గీతలు ఒకదాన్నొకటి ఐమూలగా కోసుకోవాలి. మీసం కనపడకూడదు. తర్వాత సబ్బునీళ్ళతో కడుగు, తెల్లగుడ్డతో తుడిస్తే మరక రాకూడదు. వెంటనే ఆయిల్ పట్టించు.

తొందరగా చెయ్. నీకు ఇంకా తెలియని విషయం ఒకటుంది. మీ వదినా, మరదలూ ఫోన్లో మాట్లాడుకుని బండిని పాతసామాన్లవాడికి ఇచ్చేయాలని తేల్చేశారు. చెయ్యి బాగైంది కాబట్టి ఇంటికి వెళ్ళగానే మళ్ళీ ఎక్కుతుందని వాళ్ళ భయం. నిన్న మీ వదిన ఆ మాట అత్తయ్యతో చెప్పింది. ఇల్లు కూలిపోతుందని నేను పక్క గదిలో చెవులు మూసుకోబోయాను. అత్తయ్య "మీ ఇష్టం" అంది.

అంతే అంది తమ్ముడూ. అత్తయ్య. మీ ఇష్టం అంది. ఇవాళ కిటికీ దగ్గర కూర్చుంది గాని ఏ బండికీ రోగం చెప్పలేదు. బండి లేకపోతే ఊళ్ళో ఆ కుట్టుమిషన్ల పనీ ఉండదు, ఆ మనిషీ ఉండదు. నేను బస్సెక్కించాలని తిట్టుకున్న మనిషి ఈమె కాదు. నాకు భయంగా ఉంది, దాచడం ఎందుకు.

నీ అన్నయ్య


సెలూన్ నుంచి,
అంతా అయ్యాక

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం, పాతసామాన్లాయన ఒకే రోజు వచ్చారు.

ఆయన నేరుగా ఇంటికెళ్ళాడు. మా ఆవిడ వరండాలోకి తీసుకెళ్ళి, "ఇదిగోండి" అని దుప్పటి లాగింది. రెండు కుర్చీలూ ఒక బకెట్టూ బయటపడ్డాయి. ఆ తర్వాత ఆమె నడిచిన నడకకి సెలూన్ దాకా దారిలో ఉన్నవాళ్ళందరూ పక్కకు తప్పుకున్నారట. వెనకాలే పాతసామాన్లాయన, వీపున ఖాళీ గోనెసంచి.

అప్పటికి నేను వెనక గదిలో సిలిండరు విప్పి ఎమెరీతో గీస్తున్నాను. ఏం చేయాలో తోచలేదు. ఆయన్ని చూస్తే గడ్డం బాగా మాసి ఉంది. "ముందు కూర్చోండి, నా తరఫున గడ్డం" అని కుర్చీలో కూలేశాను. నురగ పెట్టాను. కుడి చెంప గీశాను. ఎడమ చెంప వదిలేసి, "ఇప్పుడే వస్తా" అని వెనక గదిలోకి వచ్చేశాను. సగం గడ్డంతో ఏ మగాడూ వీధిలోకి వెళ్ళలేడు, బేరమూ ఆడలేడు. నా జీవితంలో నాకు వచ్చిన ఒకే ఒక్క గొప్ప ఆలోచన ఇది.

కాని మా ఆవిడకు గడ్డం లేదుగా. ఆమె నా వెంటే వచ్చింది. తిడుతుందనుకున్నాను. బండిని, నేల మీద పరిచిన ముక్కల్ని చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ఆ కంచెలోంచి అమ్మని లాగింది నేను" అంది. "మీరు అప్పుడు లేరు. చెయ్యి కాబట్టి సరిపోయింది. తల అయ్యుంటే? మీరు కూర్చుని దాన్నే బాగుచేస్తున్నారా?" అని ఏడ్చింది. చేతిలో ఎమెరీ కాగితం ఉంది, అదే తిప్పుతూ కూర్చున్నాను. అటు నుంచి పాతసామాన్లాయన "బాబూ, ఎడమ పక్క ఎండిపోతోంది" అని పిలుస్తున్నాడు.

గీతలు వచ్చాయి, ఐమూలగా, మీరు చెప్పినట్టే. కడిగాను, ఆరబెట్టాను, బిగించాను. ఆమె లేచి వెళ్ళలేదు. లాకు ఎగిరితే తనే వెతికిచ్చింది. పెడల్ తొక్కితే ఈసారి కాలికి ఎదురు తన్నింది. రెండో తొక్కుకు అందుకుంది. పొగ కాస్త వచ్చి తగ్గింది. ఆ గది చిన్నది, చప్పుడు గోడలకు కొట్టుకుంటోంది. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మ వచ్చినట్టుంది" అంది.

ఇక గెలిచాం అనుకున్నాను. మా ఆవిడ ఇంజన్ ఆపేసి, తాళంచెవి తీసి తన పర్సులో వేసుకుంది. "బాగైతే బాగైంది. అమ్మకి మాత్రం ఇవ్వను" అంది. పాతసామాన్లాయన ఎడమ చెంప గీయించుకుని వెళ్ళిపోయాడు. ఉత్తచేతులతో పంపడం ఇష్టం లేక బకెట్టు ఇచ్చింది.

ఇప్పుడు బండి ఉంది, తాళం లేదు. ఏం చేద్దాం?

మీ తమ్ముడు


ఇంటి నుంచి,
భోజనాలయ్యాక, అందరి ముందే కూర్చుని

తమ్ముడికి ఆశీస్సులు.

మరదలు అన్నది తప్పు కాదు. వాళ్ళిద్దరి భయం బండి అంటే కాదు, అత్తయ్య వేగం అంటే. మనం ఇంజన్ చూస్తూ ఆ సంగతి చూడలేదు. ఆ వేగం తగ్గించుకోమ్మా, వయసు మీద పడుతోంది అని వాళ్ళు చెప్పని రోజు లేదు. వయసు మాట ఎత్తితే ఆమె యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పుతుంది తప్ప తగ్గించే రకమా?

రాత్రి అన్నాల దగ్గర నేనే కదిపాను. "చిన్నల్లుడు బండికి కొత్త పిస్టన్, సిలిండరు వేశాడు" అన్నాను. అత్తయ్య ముద్ద నోటి దగ్గర ఆపేసింది. "ఎవరూ?" అంది. "చిన్నల్లుడే" అన్నాను. మొదట నమ్మలేదు. తర్వాత నవ్వింది. పొలమారి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత మొదలుపెట్టింది: బాణం ఎటు పెట్టాడు, నోరు మూశాడా, రింగు కొసలు మొలకి వచ్చాయా, ప్యాకింగు ఏ మందం. ఆ అద్దం సంగతి చెప్పలేదు. నీ పరువు నా దగ్గర భద్రం.

అప్పుడు మీ వదిన వైపు తిరిగి చెప్పాను: "కొత్త పిస్టన్ కుదురుకునేదాకా బండి చాలా నిదానంగా నడపాలి. వేగం పెంచితే వేడెక్కి మళ్ళీ పట్టేస్తుంది." ఇది అబద్ధం కాదు, ఏ మెకానిక్కునైనా అడుగు. "ఎంత నిదానంగా?" అంది మీ వదిన. "సైకిలువాడు దాటిపోయేంత." "ఎన్నాళ్ళు?" అంది. అక్కడ నాకు నాలుక తడబడింది. కొన్ని వారాల పని అది. "ఈ రకం పిస్టన్లు అంత త్వరగా కుదురుకోవు. రెండు మూడేళ్ళు పట్టొచ్చు" అనేశాను.

అత్తయ్య నన్ను చూసింది. ఎంతసేపు చూసిందంటే మజ్జిగ కలుపుకున్న సంగతి మరిచిపోయి నీళ్ళు కలుపుకున్నాను. ఆమె తల వంచుకుని తినేసి లేచింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. మీ వదిన మాత్రం ఫోన్ తీసి చెల్లెలికి అంతా చెప్పింది. ఆ వేగానికైతే సరే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరైనా అడిగితే రెండు మూడేళ్ళు అనే చెప్పు, తడబడకు.

వచ్చే బస్సుకు నేనే తీసుకొస్తున్నాను. సంచి సర్దుకోవడం అయిపోయింది. పొద్దున వర్క్‌షాపుకు వచ్చి, నేను బోల్టు బిగిస్తుంటే "అది కాదు పెద్దల్లుడూ" అంది. ఆ మాట ఇక రోజూ వినపడదంటే దిగులుగా ఉంది. నవ్వితే నవ్వు.

నీ అన్నయ్య


సెలూన్ నుంచి,
చాలా రోజుల తర్వాత

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీరు అత్తయ్యను దించి వెళ్ళాక ఉత్తరం రాయడం ఆలస్యమైంది. తప్పు నాది కాదు. సెలూన్లో ఉన్న కుర్చీలు, కత్తెరలు, క్లిప్పర్లు అన్నీ అత్తయ్య విప్పి బిగించేదాకా నాకు కూర్చునే చోటు లేదు.

మీరు వెళ్ళిన మర్నాడు బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది. వంగి వాసన చూసింది. ప్లగ్గు విప్పి రంగు చూసింది. ప్లగ్గు టోపీ వదులుగా ఉందని ఒక్క వంక పెట్టింది, అంతే. నా వీపు మీద ఒక్కటి చరిచింది. మెచ్చుకోలనే అనుకుంటున్నాను, వీపు ఇంకా నొప్పిగా ఉంది. మా ఆవిడ పర్సులోంచి తాళంచెవి తీసి, చాలాసేపు పట్టుకుని నిలబడి ఇచ్చింది. "మెల్లగా అమ్మా" అంది. "నా కోసం కాదే, పిస్టన్ కోసం" అంది అత్తయ్య.

అన్నట్టుగానే వెళ్ళిందన్నయ్యా. ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. కుట్టుమిషన్ల పనిముట్ల సంచి భుజాన వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, నడిచేవాళ్ళకన్నా కాస్త ముందుగా. వీధికుక్క ఒకటి అలవాటుగా వెంటపడింది. కాసేపు పక్కనే నడిచి, పరువు తక్కువ అనుకుందో ఏమో ఆగిపోయింది. లెక్కల మాస్టారు సగం క్రాపుతో బయటికొచ్చి, "ఈవిడకేమైంది?" అన్నారు. పిస్టన్ కుదురుకోవాలి మాస్టారూ అని చెప్పాను.

అప్పటి నుంచీ రోజూ అలాగే. పని మళ్ళీ అందుకుంది. మిషన్లు పాడైన ఇళ్ళవాళ్ళు ఇన్నాళ్ళూ ఆమె కోసమే ఆగారట. మా ఆవిడ ఇప్పుడు బండి చప్పుడు వినపడగానే ఏ గుమ్మం దాకా వచ్చిందో లెక్కకట్టి అన్నం వడ్డిస్తోంది.

నిన్న ఆ మంచంలో ఉన్న పెద్దాయనకు గడ్డం గీయడానికి వెళ్ళాల్సి వచ్చింది. అత్తయ్య అటే వెళ్తూ, "ఎక్కు చిన్నల్లుడూ" అంది. సబ్బుగిన్నె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. వంతెన దగ్గర దిగి తోయాలేమో అనుకున్నాను. బండి ఇద్దరినీ మోసుకుని మూలుగు లేకుండా ఎక్కేసింది. అవతల రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. యాక్సిలరేటరు మీద ఆమె మణికట్టు బిగుసుకోవడం నాకు కనిపించింది. నేను ఒక చేత్తో సబ్బుగిన్నెను, ఇంకో చేత్తో సీటును పట్టుకున్నాను.

"చిన్నల్లుడూ, పిస్టన్ కుదురుకుందంటావా?" అంది.

ఎప్పుడో కుదురుకుందన్నయ్యా. ఇంజన్ పాడుతోంది. కత్తీ దువ్వెనా తప్ప ఏమీ తెలియని నాకే తెలుస్తోంది, కళ్ళు మూసుకుని ప్లగ్గు రోగం చెప్పే మనిషికి తెలియకుండా ఉంటుందా? మీ మాట గుర్తు తెచ్చుకున్నాను.

"ఇంకా లేదత్తయ్యా" అన్నాను.

ఆమె తల కాస్త పక్కకు వంచి ఇంజన్ విన్నది. చాలా దూరం వెళ్ళేదాకా వింటూనే ఉంది.

"అవును, నాకూ అలాగే అనిపిస్తోంది" అని మణికట్టు వదులు చేసింది. వెనక నుంచి సైకిలువాడొకడు గంట కొట్టుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు.

మీ తమ్ముడు